డిండి: రెండు రాళ్ల మీద నడిచే నది

(అచ్చంపేటలో విద్యార్థులకు, చుట్టుపక్కల ఊళ్ల రైతులకు కలిపి ఏర్పాటు చేసిన సభలో ఒక భూగోళశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలు చాలామంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండి. బోర్డు మీద పటం గీశాను, అక్కడి నుంచి కనపడదు.

ఈ రోజు మాట్లాడేది మీకు తెలిసిన నది గురించే. మిడ్జిల్, తాడూరు, కల్వకుర్తి వైపు దీన్ని దుందుభి అంటారు. కిందికి వచ్చాక డిండి అంటారు. మీనాంబరం అన్న పేరు కూడా ఉంది. మనలో ఎక్కువమంది మాత్రం ఉత్తగా 'వాగు' అంటాం. కృష్ణా నది 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ఇది సుమారు 150 కిలోమీటర్లు. మూసీ కంటే కూడా చిన్నది. బడి పుస్తకాల్లో కృష్ణా ఉపనదుల పట్టికలో చివర ఎక్కడో దీని పేరు ఉంటుంది, పరీక్షలో ఒక మార్కు వస్తుంది, అంతటితో మర్చిపోతాం. పెద్దలను అడిగితే 'ఎండిపోయిన వాగు సార్, ఏముంది దాంట్లో' అంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డిండి ఎండిపోయిన నది కాదు. తన నీళ్లను పైన చూపించని నది. ఆ నీళ్లు ఉండేది రెండు చోట్ల. ఎగువన ఇసుకలో, దిగువన నల్లమల గట్టు రాతిలో. ఎందుకు అట్లా ఉన్నాయో తెలియాలంటే ఈ నది కింద ఉన్న రాయి తెలియాలి. అందుకే ఈ రోజు వానల గురించి తక్కువ, రాళ్ల గురించి ఎక్కువ మాట్లాడతాను.

ముందు దారి చూడండి. షాబాద్ గుట్టల వైపు మొదలవుతుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా దిగుతుంది. మిడ్జిల్, తాడూరు, రఘుపతిపేట, వంగూరు, ఉప్పునుంతల, ఈ ప్రాంతాల పొలాల మధ్య నుంచి వస్తుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద డిండి ప్రాజెక్టు దగ్గర మీరందరూ ఆగే ఉంటారు. అక్కడిదాకా ఒక నది. ఆనకట్ట దాటాక దేవరకొండ కింది వైపు, చందంపేట అడవుల్లోకి పోతుంది. అక్కడ ఇంకో నది. నీళ్లు అవే, గుణం వేరు. చివరికి ఏలేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కలిసే చోటు ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి రాయి నల్లరాయి, అంటే గ్రానైట్. పాలమూరు జిల్లా చాలా మటుకు దీని మీదే కూర్చుని ఉంది. నల్లగొండలో ఎక్కువ భాగం కూడా. దీని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. మీ ఊళ్లలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనపడే గుండ్లు, బోడిగుట్టలు అన్నీ ఇదే రాయి. దీని లక్షణం ఏమిటంటే, లోపల నీళ్లు దాచుకునే జాగా ఉండదు. పైన కొన్ని అడుగుల మేర రాయి పుచ్చి మొరం అవుతుంది. ఆ మొరంలో కొంత నీరు నిలుస్తుంది. దాని కింద గట్టి బండ. బండలో పగుళ్లు ఉంటే బోరు పడుతుంది, లేకపోతే లేదు. ఒకే చెలకలో ఒక బోరు పోస్తుంది, ఇరవై గజాల అవతల ఇంకోటి దుమ్ము కొడుతుంది. అప్పు చేసి బోరు వేసిన రైతులు ఇక్కడ ఉన్నారు. వాళ్లకు ఇది నేను చెప్పనక్కరలేదు.

ఇట్లాంటి నేల మీద వాన పడితే ఏమవుతుంది? మనకు ఏడాదికి సగటున 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన. అది కూడా జూన్ నుంచి సెప్టెంబరు దాకా సమంగా పడదు. కొన్ని గట్టి వానలు, మధ్యలో వారాల తరబడి ఎండ. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒక్కసారిగా దంచుతుంది. బండ తాగదు, పల్చటి మొరం కాసేపట్లో నిండుతుంది, మిగిలిందంతా ఒర్రెలు పట్టుకుని వాగులోకి ఉరుకుతుంది. పొద్దున మోకాళ్ల లోతు ఉన్న వాగు సాయంత్రానికి రోడ్డును కోసేస్తుంది. రఘుపతిపేట దగ్గర రాకపోకలు ఆగడం మీరు ఎన్నిసార్లు చూశారో. రెండు మూడు రోజులకు మళ్లీ ఇసుక తేలుతుంది. దీన్ని చూసి 'నమ్మలేని వాగు' అంటారు. వాగు తన రాయి ఎట్లా చెబితే అట్లా నడుస్తోంది. ఈ వాలు మీద, ఈ బండ మీద, ఈ వానకు ఏ వాగైనా ఇట్లాగే నడుస్తుంది.

మన పూర్వీకులు ఈ సంగతి బాగా అర్థం చేసుకున్నారు. గ్రానైట్ నేల పెద్ద లోయలను ఇవ్వదు. చిన్న చిన్న పల్లాలను ఇస్తుంది, రెండు గుట్టల మధ్య ఇరుకు సందులను ఇస్తుంది. ప్రతి సందులో ఒక కట్ట పోశారు. పైచెరువు నిండి అలుగు దునికితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు. గొలుసుకట్టు అంటాం. వాగు మీద కత్వలు, అంటే చిన్న అడ్డుకట్టలు, కట్టి పక్కలకు కాలువలు తీశారు. అంటే దుందుభి పరీవాహకంలో పడ్డ చినుకు ముందు ఎన్నో చెరువులకు లెక్క చెప్పి, మిగిలితేనే వాగులోకి వస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువులు పూడిక తీయించుకున్నాయి. అది మంచి పనే. అయితే ఎగువ చెరువుల్లో ఎక్కువ నీళ్లు నిలిస్తే దిగువ ప్రాజెక్టుకు తక్కువ వస్తాయన్నది కూడా అంతే నిజం. ఒక నదిని ఎగువ నుంచి దిగువ దాకా ఒక్కటిగా చూడకపోతే, ఒక ఊరి మేలు ఇంకో ఊరికి నష్టంగా కనపడుతుంది. ఎగువ వాళ్లూ దిగువ వాళ్లూ ఒకే సభలో కూర్చోవాలని నేను అడుగుతున్నది అందుకే.

ఇప్పుడు అసలు విషయం, ఇసుక.

గ్రానైట్‌లో మూడు రకాల ఖనిజాలు ముఖ్యం. గాజులా మెరిసే క్వార్ట్జ్, గులాబీ రంగులోనో తెలుపులోనో ఉండే ఫెల్డ్‌స్పార్, నల్లగా పొరలు పొరలుగా ఊడే అభ్రకం. ఎండకు, వానకు రాయి పుచ్చినప్పుడు ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టి అవుతుంది. క్వార్ట్జ్ మాత్రం కరగదు, కుళ్లదు. గింజలు గింజలుగా విడిపోయి వాగులోకి వస్తుంది. వరద బంకమట్టిని తేలిగ్గా మోసుకుని దూరం తీసుకుపోతుంది. బరువైన ఇసుక గింజలను కొంతదూరం దొర్లించి వదిలేస్తుంది. అట్లా ఏళ్ల తరబడి, వేల ఏళ్ల తరబడి పరుచుకున్నదే మీ వాగు ఇసుక. ఇది గ్రానైట్ ఇచ్చిన ఇసుక కాబట్టి గరుకుగా ఉంటుంది, గింజకూ గింజకూ మధ్య సందు ఎక్కువ. నీటితో నిండిన ఇసుకలో దాదాపు మూడో వంతు చోటు నీళ్లదే. పైన ఒక జానెడు ఎండినా, కిందిది ఎండ తగలక అంతగా ఆవిరి కాదు.

మన ఇండ్లలో వాకిట్లో గోలెం ఉండేది కదా, నీళ్లు నిలవచేసుకోను. దుందుభికి దాని ఇసుకే గోలెం. వానాకాలం నిండుతుంది, మాఘం, ఫాల్గుణం దాకా పక్క పొలాల బావులకు మెల్లగా ఇస్తుంది. వాగులో చెలిమె, అంటే ఇసుకలో చిన్న గుంత, తీస్తే తియ్యటి నీళ్లు ఊరేది ఇందుకే. ఆడవాళ్లు పొద్దున్నే చెలిమెలో చిప్పతో తోడి బిందె నింపుకున్న ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ నీళ్లు వడపోసినట్టు తేటగా ఉండేవి. నిజంగానే వడపోత జరిగేది.

ఇంకో సంగతి గమనించండి. అదే ఊళ్లో లోతు బోరు నీళ్లు తాగితే పళ్లు పసుపు గార కట్టేవి, ఎముకలు వంగేవి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల కథ మీకు తెలుసు. అది ఎవరి శాపమూ కాదు. గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు ఎంత ఎక్కువకాలం ఆ రాతి పగుళ్లలో నిలిస్తే అంత ఎక్కువ ఫ్లోరైడ్ కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో అది పలచబడే అవకాశమూ తక్కువ. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది. దానికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే స్థిరపడింది. మన జిల్లా పేరు ఒక రోగం మందుకు పెట్టాల్సి వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. వాగు ఇసుకలోని నీరు ఏటా కొత్తది. వాననీరు వచ్చి నెలల్లోనే వెళ్లిపోతుంది, రాతితో దాని సావాసం తక్కువ. ఒకే రాయి నుంచి వచ్చిన రెండు నీళ్లలో ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ ఎందుకు అయ్యాయంటే, తేడా అంతా ఎంతకాలం నిలిచిందన్న దాంట్లోనే ఉంది.

ఆ ఇసుకను మనం లారీలకు ఎత్తుతున్నాం. ఇల్లు కట్టుకోను ఊరివాళ్లు బండ్ల మీద తోలుకునే ఇసుక గురించి నేను మాట్లాడటం లేదు. యంత్రాలు పెట్టి బండ తేలేదాకా తోడే ఇసుక గురించి మాట్లాడుతున్నాను. ఇసుక లోతు పది అడుగులు ఉన్నచోట ఆరడుగులు తీసేస్తే వాగు నిలవచేసుకునే నీళ్లలో సగానికి పైగా పోయినట్టే. వాగు మట్టం దిగితే పక్క బావుల్లో నీళ్లు కూడా ఆ మట్టానికి దిగుతాయి, ఎందుకంటే బావి నీళ్లూ వాగు నీళ్లూ భూమిలోపల ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. అటుపైన రైతు ఇంకో బోరు వేస్తాడు. ఆ బోరు ఫ్లోరైడ్ ఉన్న లోతుకు పోతుంది. లారీ ఎక్కిన ఇసుకకూ, మన పిల్లల పళ్లకూ ఉన్న సంబంధం ఇదే. దీన్ని ఎవరూ కలిపి చెప్పరు. నేను చెప్పాలనే వచ్చాను.

డిండి ప్రాజెక్టు గురించి ఎక్కువ చెప్పను, మీరు చూసినదే. నిజాం కాలంలో 1940లలో కట్టారు. పూర్తిమట్టం 36 అడుగులు, సుమారు 2.4 టీఎంసీలు పడతాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పన్నెండు వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. నిండిన సంవత్సరం జనం పండగలా వస్తారు, నిండని సంవత్సరాలూ చాలానే ఉన్నాయి. ఎందుకో ఇప్పటికే చెప్పాను.

ఇక రెండో రాయికి వద్దాం. మీరు అచ్చంపేటలో నిలబడి దక్షిణానికి చూస్తే గోడలా కనపడే గట్టు ఉంది కదా, అది గ్రానైట్ కాదు. అది నల్లమల. అమ్రాబాద్ పీఠభూమి. గ్రానైట్ ఎన్నో కోట్ల ఏళ్లు ఎండకూ వానకూ అరిగి చదునైన తర్వాత, దాని మీదికి సముద్రపు నీరు వచ్చింది. ఆ నీటి అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకుంది. ఆ ఇసుక బరువుకు, వేడికి గట్టిపడి రాయి అయింది. దాన్ని క్వార్ట్‌జైట్ అంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలకు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. కడప రాళ్ల వరసలో ఇది ఒకటి. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఉమామహేశ్వరం మెట్లు ఎక్కేటప్పుడు కొండగోడను చూడండి, పలకలు పలకలుగా అడ్డంగా గీతలు కనపడతాయి. ఒక్కో గీత ఒకప్పటి ఇసుక నేల. కొన్ని పలకల మీద ఆనాటి అలలు గీసిన ముడతలు కూడా దొరుకుతాయి.

పొరలు చదునుగా ఉన్నాయి కాబట్టి గట్టు పైభాగం కూడా చదునుగా ఉంటుంది, అంచులు నిలువుగా తెగి ఉంటాయి. మన్ననూరు ఘాట్ ఎక్కితే ఒక్కసారిగా సమతలం వస్తుందే, అది అందుకే. అమ్రాబాద్ ఊరు, చుట్టూ సేద్యం ఉన్నది కింది మెట్ట. ఫరహాబాద్ వైపు పులుల అడవి ఉన్నది పై మెట్ట.

క్వార్ట్‌జైట్ గింజ గట్టిదే, కానీ రాయి నిండా నిలువు చీలికలు ఉంటాయి. పైన పడ్డ వాన ఆ చీలికల్లోంచి దిగుతుంది. దిగి దిగి కింద ఒక మెత్తటి పలకరాతి పొరో, అడుగున గ్రానైట్ బండో తగిలేసరికి ఇక కిందికి పోలేదు. పక్కకు జరుగుతుంది. కొండ అంచున బయటికి వస్తుంది. ఉమామహేశ్వరంలో పాపనాశనం దగ్గర నడి ఎండాకాలంలో కూడా కొండ కడుపులోంచి చుక్కలు రాలడం చూశారు కదా? అది నిన్న పడ్డ వాన కాదు. పోయిన ఏడాది వానో, ఇంకా పాతదో, రాతిలో మెల్లగా నడిచి నడిచి ఇప్పుడు వస్తోంది. మీరు దేవుడి తీర్థంగా దోసిలి పడతారు. ఆ భక్తి ఉండాలి. ఆ చుక్క రావాలంటే గట్టు మీద అడవి ఉండాలన్నది కూడా తెలిసి ఉండాలి. ఆకులు రాలి మెత్తగా ఉన్న నేల వానను పీల్చి చీలికలకు అందిస్తుంది. బోడి బండ అయితే నీరు అంచు మీదుగా దూకి పోతుంది.

ఈ సంగతి అందరికంటే ముందు తెలిసినవాళ్లు చెంచులు. వాళ్ల పెంటలు, అంటే గూడేలు, ఎక్కడున్నాయో పటం మీద గుర్తుపెట్టుకుంటూ పోతే, మీకు నల్లమల ఊటల పటం తయారవుతుంది. నీటి జాడ లేని చోట పెంట ఉండదు. ఏ ఊట ఏ నెల దాకా ఉంటుందో, ఏది ఎన్నడూ ఎండదో వాళ్లకు తెలుసు. మన కాలేజీల్లో భూగోళం చెప్పేవాళ్లం ఆ పెంటల పెద్దమనుషుల దగ్గర కూర్చుని రాసుకోవాల్సింది ఎంతో ఉంది. అది ఇంకా సరిగ్గా జరగలేదు.

గట్టు మీద నీళ్లు రెండు దారులు పడతాయి. దక్షిణానికి వాలినవి నేరుగా కృష్ణకు దూకుతాయి. మల్లెలతీర్థం, సలేశ్వరం అట్లాంటివి. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు పోయినవాళ్లకు ఆ లోయ ఎంత లోతో తెలుసు. ఉత్తరానికి వాలినవి మన వైపు, అచ్చంపేట వైపు దిగి డిండిలో కలుస్తాయి. కొండ అంచున కొద్దిదూరమే నిటారుగా దిగి, తర్వాత చెలకల్లోకి వచ్చి నెమ్మదిస్తాయి. చిన్నవే. చాలావాటికి పటంలో పేరు కూడా లేదు. డిండికి ఎండాకాలంలో కాస్తో కూస్తో తడి ఇచ్చేవి మాత్రం ఇవే. ఎగువ నుంచి వచ్చే గ్రానైట్ వాగులు వానాకాలం అరుస్తాయి, తర్వాత మౌనం. ఈ గట్టు వాగులు తక్కువ ఇస్తాయి, ఎక్కువకాలం ఇస్తాయి.

ఆనకట్ట దాటాక చందంపేట వైపు పోతే ఈ రెండు రాళ్లూ ఒకే చోట కనపడతాయి. కింద గ్రానైట్, పైన టోపీలాగా చదునైన క్వార్ట్‌జైట్. ఒకప్పుడు ఇవన్నీ నల్లమలతో కలిసే ఉండేవి. డిండి, దాని పిల్లవాగులు కోసుకుంటూ పోయి వీటిని విడదీశాయి. చిత్రియాల్, లంబాపూర్, పెద్దగట్టు గట్లు ఇట్లాంటివే. మీరు 'చిన్న వాగు' అంటున్నారే, ఒక పీఠభూమిని ముక్కలు చేయడంలో దానికీ చేయి ఉంది. సమయం ఉంటే చాలు, నీటికి పెద్దా చిన్నా లేదు.

ఆ రెండు రాళ్లు కలిసే గీత దగ్గరే యురేనియం ఉంది. గ్రానైట్‌లో కొద్దికొద్దిగా ఉన్న యురేనియాన్ని నీరు కరిగించి తీసుకొచ్చి, ఆ గీత వెంబడి పగుళ్లలో వదిలింది. అందుకే లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ పేర్లు పేపర్లలో వచ్చాయి. అమ్రాబాద్‌లో తవ్వకాల మాట వచ్చినప్పుడు జనం పెద్ద ఎత్తున వద్దన్నారు, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నేను భూగోళం చెప్పేవాణ్ని కాబట్టి దాని గురించి ఒక్క మాటే అంటాను. యురేనియం ఉన్న గీత, ఊటలు బయటికి వచ్చే గీత చాలాచోట్ల ఒకటే. ఒకదాన్ని తవ్వుతూ రెండోదాన్ని ముట్టకుండా ఉండటం కుదరదు.

శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం గురించి కూడా మీరు అడుగుతారు, నేనే చెబుతాను. గట్టుకు అవతల శ్రీశైలం జలాశయం పూర్తిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. గట్టుకు ఇవతల డిండి దిగువ లోయ అంతకంటే పల్లంలో ఉంది. మధ్యలో అడ్డం అమ్రాబాద్ గట్టు. గట్టు లేకపోతే నీళ్లు మోటారు లేకుండానే నల్లగొండకు పారతాయి. అందుకని గట్టు కిందనే దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వాలన్నారు. దోమలపెంట దగ్గర మొదలు, అచ్చంపేట మండలం మన్నెవారిపల్లి దగ్గర బయటికి. పైన పులుల అభయారణ్యం ఉంది కాబట్టి మధ్యలో ఎక్కడా బావి దించి చూసుకునే వీలు లేదు. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. దూర రాష్ట్రాల నుంచి పనికి వచ్చిన బిడ్డలు. నీళ్లు, బురద, వదులైన రాయి ఒక్కసారిగా దిగాయి. కొండ లోపల నీళ్లు నడుస్తుంటాయని ఇందాక ఉమామహేశ్వరం దగ్గర చెప్పాను కదా, ఆ నడక అక్కడా ఉంది. నల్లగొండకు నీళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు, ఫ్లోరైడ్ ఊళ్లకు ముందు కావాలి. కొండ లోపలి నీటిని ముందు పూర్తిగా చదివాకే కొండలోకి దిగాలన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు సంగమం. డిండి కృష్ణలో కలిసిన చోట ఏలేశ్వరం ఉండేది. పాత క్షేత్రం. సాగర్ కడుతున్న రోజుల్లో, నీళ్లు రాకముందే అక్కడ తవ్వకాలు జరిపారు. రాక్షసగుళ్ల (పెద్ద రాళ్లతో కట్టిన పాత సమాధుల) కాలం నుంచి ఇక్ష్వాకుల కాలం మీదుగా మనుషులు ఉన్న జాడలు దొరికాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన అయింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పూర్తిమట్టం 590 అడుగులు. ఆ మట్టానికి నీళ్లు వస్తే కృష్ణ డిండి లోయలోకి వెనక్కి ఎక్కుతుంది. కాబట్టి డిండి ఎక్కడ ముగుస్తుందని అడిగితే, ఏ నెలలో అని తిరిగి అడగాలి. సాగర్ నిండిన అక్టోబరులో ఒక చోట, ఖాళీ అయిన మే నెలలో ఇంకా ముందుకు. పటం మీద మాత్రం ఒకటే చుక్క ఉంటుంది. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి, పరీక్షలో రాకపోయినా.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు. నాగార్జునసాగర్ మట్టి మోసినవాళ్లలోనూ మనవాళ్లు ఉన్నారు. సొంత ఊరి పక్క నదిని చూసుకునే తీరిక వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు వాళ్ల మనవళ్లు, మనవరాళ్లు ఇక్కడ కూర్చుని ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఉప్పునుంతల వైపు నుంచి వచ్చిన ఒక రైతు: సారూ, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చినంక వాగుల ఎండకాలం కూడ నీళ్లుంటున్నయి. చెక్‌డ్యాములు కూడ కట్టిండ్రు. ఇంక ఇసుక పోతే ఏమైతది?)

మంచి ప్రశ్న అడిగినవ్ పెద్దన్నా. నీళ్లు పెరిగిన మాట నిజం. శ్రీశైలం జలాశయంలోంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడుసార్లు ఎత్తి పోస్తే ఆ నీళ్లు వస్తున్నాయి. పొలాల్లో పారగా మిగిలింది వాగులోకి దిగుతోంది. పడావు పడ్డ చెలకలు పచ్చబడ్డాయి, వలస తగ్గింది. దాన్ని తక్కువ చేసి ఎవరూ మాట్లాడకూడదు. అయితే ఆ నీళ్లు శ్రీశైలంలో మట్టం ఉంటే వస్తాయి, కరెంటు ఉంటే వస్తాయి, మోటార్లు తిరిగితే వస్తాయి. కృష్ణకు నీళ్లు రాని ఏడు ఏం చేస్తాం? ఆ ఏడు ఆదుకునేది వాగు ఇసుకే. ఇంకో సంగతి, ఎత్తిపోతల నీళ్లు వచ్చినా వాటిని నిలవచేసుకోవడానికి ఇసుక కావాలి. ఇసుక లేని బండ వాగులోకి ఎంత వదిలినా కిందికి పోతాయి.

చెక్‌డ్యాము విషయం కొంచెం వేరు. సరైన చోట కడితే వెనక ఇసుక పేరుకుంటుంది, పక్క బావులు లేస్తాయి. తప్పు చోట కడితే వెనక ఇసుక బదులు బురద పేరుకుంటుంది. బురద నీటిని కిందికి దిగనివ్వదు. నాలుగేళ్లయ్యాక మీ చెక్‌డ్యాము వెనక గడ్డపారతో తవ్వి చూడండి. ఇసుక వస్తే బాగుంది, జిగట మట్టి వస్తే పూడిక తీయాలి. దిగువన కూడా చూడండి. ఇసుక పైనే ఆగిపోతే, కింద వరద కొత్త ఇసుక లేక ఒడ్డును కోస్తుంది.

(ఒక విద్యార్థిని: సార్, మేము దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?)

మీ ఊరి నుంచే, అమ్మా. వాగుకు దగ్గరగా ఒక బావి, దూరంగా ఒక బావి ఎంచుకోండి. తాడుకు రాయి కట్టి, గట్టు నుంచి నీటిదాకా ఎన్ని అడుగులుందో ప్రతి నెలా ఒకటో తారీఖున రాసుకోండి. వాగులో ఒకచోట ఇనుప చువ్వ దించి బండ ఎంత లోతులో తగులుతుందో చూడండి. అదే మీ ఇసుక మందం. వానలకు ముందొకసారి, దసరా తర్వాత ఒకసారి. చువ్వ దించేటప్పుడు ఒక్కరే పోవద్దు, ఇసుక తీసిన గుంతలు నీళ్ల కింద కనపడవు. ఉమామహేశ్వరంలో కొండ నుంచి రాలే నీటిని ఒక లీటరు సీసాలో పట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. నవంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి. మిడ్జిల్ నుంచి చందంపేట దాకా ఊరికి ఇద్దరు చొప్పున ఈ పని చేస్తే, ఒక్క ఏడాదిలో ఈ నదికి ఇప్పటిదాకా లేని పటం మన చేతికి వస్తుంది. ఆ కాగితాలు నా దగ్గరికి తీసుకురండి, కలిసి కూర్చుని గీద్దాం.